సిగ్నల్ దగ్గర ఆగిన ఇల్లు

ఆ రోజు పొద్దున్న కౌంటరక్క మొగుడికి రెండే రెండు ముక్కలు నేర్పింది. మేడ మీద ఖాళీగా పడున్న చిన్న గదిని సినిమా చూసుకునే గదిగా చేసుకుంటామండీ అన్నది ఒకటి. గోడలకి ఏమీ కాదండీ అన్నది రెండోది. ఈ రెండూ ఓనరమ్మతో చెప్పి నోరు మూసుకోవాలి, ఆవిడ సరే అనేదాకా అలాగే మూసుకుని ఉండాలి. ఓస్, ఇంతేనా అన్నాడు మొగుడు. ఆ మాట వినగానే ఆమెకి గుండెలో రాయి పడింది, ఎందుకంటే ఆయన ఇంతేనా అన్న పని ఏదీ అంతటితో ఆగిన పాపాన పోలేదు.

వీధిలో అందరూ ఆయన్ని హారన్ అంటారు. పెద్దవాళ్ళింట్లో చాలాకాలం కారు డ్రైవరుగా చేశాడు గానీ పేరు అందుకు రాలేదు. మనిషి మలుపు తిరక్క ముందే మాట ఇంటికి చేరిపోతుందని వచ్చింది. చెడ్డవాడు కాడు, ఒకళ్ళ జోలికి పోడు, ఎవరింట్లో అర్ధరాత్రి అవసరమొచ్చినా చొక్కా తొడుక్కుంటూ పరిగెత్తుతాడు. నోరు విప్పితే మాత్రం గోరంతది కొండంతవుతుంది, ఆ కొండ మీద మళ్ళీ ఒక మేడ లేస్తుంది.

కౌంటరక్క సంగతి వేరు. ఆమె పెళ్ళికి ముందు నుంచీ సినిమా హాల్లో టిక్కెట్ల కౌంటరులో కూర్చుంది. మొన్నీమధ్యే ఆ హాలు మూసేశారు. అన్నేళ్ళు హాల్లో పనిచేసి ఒక్క సినిమా కూడా మొదట్నించి చివరిదాకా చూళ్ళేదంటే ఎవరూ నమ్మరు గానీ, అది నిజం. ఆట మొదలయ్యేసరికి లైన్లో ఇంకా జనం ఉండేవాళ్ళు, జనం తగ్గేసరికి లెక్క అప్పజెప్పాలి, అది తెమిలేసరికి తర్వాతి ఆటకి మళ్ళీ లైను. గోడ అవతల నుంచి డైలాగులు వినపడేవి, మొహాలు పోస్టరు మీద చూసుకునేది. హాలు మూతపడ్డాక ఆమెకి పుట్టిన కోరిక ఒక్కటే, తలుపేసుకుని కూర్చుని, పేర్లు పడ్డ దగ్గర్నించీ ఒక సినిమా పూర్తిగా చూడాలని.

అందుకోసం ఆమె ఎక్కని కొట్టు మెట్టు లేదు. ప్రతి కొట్టువాడూ గోడంత టీవీ చూపించి ఇదే తీసుకోమ్మా అన్నవాడే. చివరికి హాల్లో ప్రొజెక్టరు నడిపినాయన్ని వెతుక్కుంటూ వెళ్ళి అడిగింది. గది చీకటి చెయ్యగలిగితే ప్రొజెక్టరు, చెయ్యలేకపోతే టీవీ, ముందు గది చూసుకో, తర్వాతే వస్తువు చూసుకో అన్నాడాయన. మేడ మీది గదికి ఉన్నది ఒక్కటే కిటికీ. అంచేత ప్రొజెక్టరు, దానికో తెర, ముందువైపు మూడు స్పీకర్లు, దబదబమనే బేసు పెట్టె ఒకటి అని తేల్చుకుంది. రేపటిదాకా పక్కన పెడతానన్నాడు కొట్టువాడు. ఇక ఓనరమ్మ ఊ అంటే చాలు. మరి తనే అడగొచ్చుగా అంటే, ఇన్నేళ్ళూ టిక్కెట్లిచ్చే కన్నంలోంచి "ఎన్ని?" అనటమే తప్ప ఆమె ఎవర్నీ ఏమీ అడిగిన మనిషి కాదు. పైగా ఓనరమ్మకి హారన్ కబుర్లంటే సరదా.

సాయంత్రం ఓనరమ్మ వసారాలో కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ముందు గదిలో కొట్టు పెట్టుకున్న టైలరు నడుం నొప్పని లేచొచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. ఎదురింటి లెక్కల మాస్టారు పొద్దున పట్టుకెళ్ళిన పేపరు తిరిగివ్వటానికి వచ్చి, ఇవ్వకుండా మళ్ళీ చదువుతూ నిలబడ్డాడు. కౌంటరక్క వాళ్ళకి గ్లాసుల్లో టీ పోసి, ఫ్లాస్కు పట్టుకుని గుమ్మంలో నిలుచుంది.

హారన్ మొదలుపెట్టటం బాగానే మొదలుపెట్టాడు. పిన్నిగారూ, మేడ మీద గది అలా పడుంది కదా, సినిమా గది చేసుకుందామనుకుంటున్నాం, గోడలకేమీ కాదు అన్నాడు. రెండు ముక్కలూ అయిపోయాయి. ఓనరమ్మ మాత్రం ఈనె తీసి పక్కన పడేసి, సినిమా గదంటే ఎలా ఉంటుంది నాయనా, నేనెప్పుడూ చూళ్ళేదే అంది. ఆవిడ మామూలుగానే అడిగింది గానీ, ఎండుగడ్డి పక్కన అగ్గిపుల్ల గీసినట్టయింది.

మా సారు ఇంట్లో పెట్టించింది నేనేగా అన్నాడు హారన్, మెట్టు మీద సర్దుకుని కూర్చుంటూ.

మొదట చెప్పింది చిన్న మాటే. సారు కొట్టుకెళ్తూ, ఒరే నువ్వూ లోపలికి రారా, నీ సలహా కావాలి అన్నాడట. ముందు గది చూసుకోవాలి సార్, తర్వాతే వస్తువు చూసుకోవాలి అని తాను అనేసరికి, కొట్టు యజమాని లేచి నిలబడి తన కుర్చీ ఖాళీ చేసి ఇచ్చాడట. కౌంటరక్క ఊపిరి పీల్చుకుంది. కుర్చీ దాకా ఫర్వాలేదు, ఇక్కడ ఆపేస్తే గట్టెక్కినట్టే.

"తెర ఎంతుండేదన్నా?" అన్నాడు టైలరు. బట్ట సంగతి వచ్చేసరికి ఉండబట్టలేకపోయాడు.

తెరా, తెరంటే ఏమనుకున్నావు తమ్ముడూ అని హారన్ అందుకున్నాడు. కొట్లో ఉన్న ఏ బట్టా తన కంటికి తెల్లగా ఆనలేదట, ఇది తెలుపు కాదు, ఇదీ తెలుపు కాదు అని తోసేసి తోసేసి, ఆఖరికి మిల్లువాళ్ళకి చెప్పి ప్రత్యేకంగా నేయించాడట, దాన్ని మోసుకొచ్చి గోడకి తగిలించేసరికి రాత్రయిందట, తగిలించీ తగిలించగానే పక్కింట్లో కోడి తెల్లారిందనుకుని కూసిందట, కోడి కూసింది కదాని పాలవాడు వచ్చేశాడట, పాలవాడు వచ్చాడు కదాని వీధి వీధంతా లేచి మొహాలు కడుక్కుందట. దాంతో గదికి నల్లరంగు వెయ్యక తప్పలేదట. ఒక పూత సరిపోలేదు, నాలుగు పూతలు పడ్డాయి. నాలుగో పూత ఆరాక ఆ చీకటి ఎలాంటిదంటే, అగ్గిపుల్ల వెలిగిస్తే అది వెలిగిందో లేదో చూసుకోటానికి ఇంకో అగ్గిపుల్ల వెలిగించాల్సి వచ్చేదట.

మాస్టారు పేపరు లోంచి తలెత్తకుండా, అంత తెరకి కుర్చీలు ఎంత దూరంలో వేశారోయ్ అన్నాడు.

అక్కడే వచ్చింది మాస్టారూ చిక్కు అన్నాడు హారన్. ఎంత దూరం వేసినా తెర మొత్తం ఒక చూపులో పట్టలేదట. ఎడమవైపు కూర్చున్నవాళ్ళకి హీరో, కుడివైపు కూర్చున్నవాళ్ళకి హీరోయిన్, అంతే. సారు ఎడమవైపు, సారు భార్య కుడివైపు కూర్చుని, ఇప్పుడేమంటోంది, ఇప్పుడేం చేస్తున్నాడు అని ఒకళ్ళనొకళ్ళు అడుగుతూ చూసేవాళ్ళట. విలన్ వచ్చాడంటే ఆయన మధ్యలో నిలబడతాడు కాబట్టి ఎవరికీ కనపడేవాడు కాదట.

టైలరు కళ్ళు తుడుచుకున్నాడు. ఓనరమ్మ నవ్వలేదు. మరి చప్పుడో అని అడిగింది. కౌంటరక్క గుమ్మంలోంచి దగ్గింది. హారన్‌కి వినపడలేదు, వినపడినా తనకి కాదనుకున్నాడు.

చప్పుడు దగ్గరే ఉంది పిన్నిగారూ అసలు విద్య అన్నాడు. బేసు పెట్టె ఎక్కడ పెట్టాలో తెలియాలంటే, మనం కూర్చునే కుర్చీలో దాన్ని కూర్చోబెట్టి, మనం నేల మీద పాకుతూ పోవాలి, ఎక్కడ చప్పుడు నిండుగా వినిపిస్తే అక్కడ పెట్టెని పెట్టాలి. ఇంతవరకూ నిజమే, ప్రొజెక్టరాయన కౌంటరక్కకి చెప్పిన పద్ధతే. తర్వాతది ఎవరూ చెప్పింది కాదు. హారన్ పాకటం మొదలుపెట్టాడట, గోడ దగ్గర బాగుంది, తలుపు దగ్గర ఇంకా బాగుంది, వంటింట్లో ఇంకా ఇంకా బాగుంది, చెవి నేలకి ఆనించి అలా పాకుతూనే గేటు దాటాడట, వీధి దాటాడట, మోకాళ్ళు ప్యాంటులోంచి బయటికొచ్చాయట, చివరికి అన్నిటికన్నా నిండుగా ఎక్కడ వినిపించిందయ్యా అంటే నాలుగు రోడ్ల కూడలిలో, ట్రాఫిక్ పోలీసు నిలబడే గట్టు మీద. అక్కడ పెట్టె పెట్టుకుంటానంటే పోలీసు ఒప్పుకోలేదట. గత్యంతరం లేక గదిలోనే పెట్టారట.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు.

ఏమైందేమిటి అన్నాడు టైలరు, కౌంటరక్క వైపు చూడకుండా.

మొదటి రోజు వేసిన సినిమాలో వాన పడిందట. వంటమనిషి మేడ మీదికి పరిగెత్తి ఆరేసిన బట్టలు తీసుకొచ్చిందట, పట్టుకు చూస్తే అవి తడిసే ఉన్నాయట. సరే అదేం పెద్ద సంగతి కాదు. రెండో సగంలో లారీల పరుగు వచ్చింది. ఒక లారీ వెనక ఇంకో లారీ, దాని వెనక ఇంకోటి, ఆ బేసు పెట్టె దబదబదబమని మొదలుపెట్టేసరికి ఇల్లు కదిలిందట. ముందు జానెడు. తర్వాత మూరెడు. లోపలున్నవాళ్ళు సినిమాలో పడి చూసుకోలేదట. గేటు దాటింది, వీధిలో పడింది, మెయిన్ రోడ్డెక్కింది. పోస్టుమాన్ ఉత్తరం పట్టుకుని వెనకాలే పరిగెత్తి కిటికీలోంచి లోపలికి విసిరాడట.

మాస్టారు పేపరు దించాడు. ఇల్లు ఎంత వేగంతో పోయిందోయ్ అన్నాడు.

మరీ వేగం కాదు మాస్టారూ, జనం తిరిగే రోడ్డు కదా అన్నాడు హారన్. నాలుగు రోడ్ల కూడలి దగ్గర ఎర్రలైటు పడితే ఆగింది కూడానట. ఆ తర్వాత ఏమైందో తెలుసా?

తెలుసుకునే వీల్లేకుండా ఓనరమ్మ చిక్కుడుకాయల పళ్ళెం ఒళ్ళోంచి తీసి కింద పెట్టింది.

"వద్దు నాయనా," అంది. "మా ఆయన హద్దురాళ్ళు పాతించి మరీ కట్టించిన ఇల్లిది. జానెడు అటు జరిగినా పక్కవాళ్ళ స్థలంలో పడుతుంది. వాళ్ళెలాంటివాళ్ళో నీకు తెలీదు. ఆ గది అలాగే ఉండనీ."

ఆవిడ మొహంలో ఎక్కడా నవ్వు లేదు. హారన్‌కి అప్పుడు తెలిసొచ్చింది ఎక్కడిదాకా వచ్చాడో. అబ్బే, అది సారు ఇల్లు పిన్నిగారూ, పెద్ద పెట్టె, మనది చిన్నది, మహా అయితే గేటు దాకా వెళ్తుందంతే అన్నాడు. ఓనరమ్మ గేటు వైపు చూసింది.

కొంప మునిగిందనుకుంది కౌంటరక్క. రేపు కొట్టువాడు ఆ పెట్టెలన్నీ ఇంకెవరికో కట్టబెట్టేస్తాడు. ఒక్కమాట చెప్తే చాలు, ఇల్లు కదిలే గొడవంతా ఎగిరిపోతుంది. ఆ ఒక్కమాటే ఆమెకి కష్టం. కాపురానికొచ్చిన దగ్గర్నించీ ఆమె మొగుడి మాటని నలుగురిలో తుంచింది లేదు. పులిని చేత్తో పట్టానంటే పులికి ఏం పెట్టారని అడిగేదే గానీ పులి ఏదని అడగలేదు. నలుగురూ ఆయన మాట వింటుంటే ఆయన మొహం ఎలా వెలుగుతుందో ఆమెకి తెలుసు, ఆ వెలుగంటే ఆమెకిష్టం కూడా. కానీ తనకంటూ ఆమె కోరుకున్నది కూడా ఇదొక్కటే. ఫ్లాస్కు గుమ్మం పక్కన పెట్టి వసారాలోకి వచ్చింది.

"వాళ్ళ సారు సినిమా గదిని ఈయన చూడనేలేదు పిన్నిగారూ," అంది. "వాళ్ళు లోపల సినిమా చూస్తుంటే ఈయన బయట కార్లో కూర్చునేవాడు, ఎప్పుడు రమ్మంటారో అని. గోడ దాటి దబదబమని చప్పుడొచ్చేది, అంతే. నేను హాల్లో విన్న మాటలూ, ఈయన కార్లో విన్న చప్పుళ్ళూ కలిపి, ఇంటికొచ్చాక ఆ కథేమై ఉంటుందో ఇద్దరం కూర్చుని అల్లుకునేవాళ్ళం. ఒక్కసారి ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూద్దామని, అందుకే మేడ మీది గది."

టైలరు నవ్వటం ఆపి ఖాళీ గ్లాసులోకి చూశాడు. మాస్టారు పేపరు నాలుగు మడతలు పెట్టాడు. హారన్ తన చెప్పుల వైపు చూసుకుంటూ ఉండిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆయన్నలా చూసి కౌంటరక్కకి ఏడుపొచ్చినంత పనైంది, అయినా వెనక్కి తగ్గలేదు. మొదలుపెట్టాక పూర్తిగా అడిగెయ్యటమే మంచిదనుకుంది.

గోడకి నాలుగు మేకులు పిన్నిగారూ, రెండు తెరకి, రెండు ప్రొజెక్టరు బల్లకి అంది. రంగు వెయ్యం, నల్లగుడ్డ కట్టుకుంటాం, వెళ్ళేటప్పుడు విప్పుకుపోతాం. కిటికీకి మందపు పరదా. బేసు పెట్టె కింద రబ్బరు దిమ్మలు వేస్తాం, మీ గది గోడకి ఆనించం. మీరు పడుకునే వేళకి ఆపేస్తాం. ఆ ముక్కలన్నీ ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పింది. చెప్పి, "అడుగుతున్నాను పిన్నిగారూ, ఇస్తారా?" అంది.

ఓనరమ్మ ఆమె వైపు తిరిగింది. ఈ మాట పొద్దున్నే చెప్పొచ్చుగా అమ్మాయ్ అంది. మేకులు కొట్టేటప్పుడు తనని పిలవమంది, ఆ గోడలో కరెంటు తీగ ఎక్కడుందో తనకొక్కదానికే తెలుసంది. పరదా కుట్టే పని టైలరుకే ఇమ్మంది. కౌంటరక్క కొంగుతో మొహం తుడుచుకుంది. అయిపోయింది, గది వచ్చేసింది. మొగుడు మాత్రం ఇంకా చెప్పులే చూస్తున్నాడు, ఆమెకి సంతోషం సగమే దిగింది.

ఓనరమ్మ పళ్ళెం మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. ఒక కాయ అందుకుని ఈనె తీస్తూ, తీస్తూ ఆగింది.

"ఏమిటలా కూర్చున్నావు అబ్బాయ్," అంది హారన్‌తో. "ఇల్లు ఇంకా సిగ్నల్ దగ్గరే ఉంది. మళ్ళీ వెనక్కెలా వచ్చింది?"

హారన్ తలెత్తి ముందు ఆవిడ్ని కాదు, పెళ్ళాన్ని చూశాడు. చెప్పమంటావా వద్దంటావా అన్నట్టుంది ఆ చూపు. కౌంటరక్క ఫ్లాస్కు తెచ్చి గ్లాసు నింపి ఆయన చేతికిచ్చింది.

"చెప్పండి," అంది. "నాకూ తెలీదుగా."

హారన్ ఒక గుక్క తాగాడు. చెప్పులు సర్దుకున్నాడు.

"ఏముంది పిన్నిగారూ," అన్నాడు, "సినిమాని వెనక్కి తిప్పాం."