కండ్లల్ల పసుపు

గోదావరిఖనిలో బొగ్గుగని కార్మికుల క్వార్టర్. ఉదయం. పెళ్లయి నెల తిరగని సంపత్, శ్యామల. సంపత్ తల్లి కిష్టవ్వ.

"జర కిందికి సూడు, సంపత్. ఇగో, నీ కండ్లు ఎట్ల పచ్చగైనయో! కామెర్లే."

"కామెర్లు కాదత్తమ్మా, లగ్గంనాడు మీరు పెట్టిన నలుగు! గంత రుద్దితిరి, కండ్లదాక పోయింది పసుపు."

"నీకు అన్నీ నవ్వులాటలే, పిల్లా. ధర్మపురి కాడ పసరు పోసేటాయన ఉన్నడు, ఇయ్యాల బస్సుకు పోదాం. పసరు తాగేటోళ్లు ఇంగ్లీషు గోళీలు ముట్టద్దట. అందుకే అల్మార్లకెళ్లి డబ్బ తీసి దాసిన."

"ఏ డబ్బ అవ్వా?"

"గదే, బువ్వ తినంగనే మింగుతవ్ గద, గ్యాసు గోళీలు."

"నువ్వు దీసినవా! రాత్రి ఇల్లంత దేవులాడిన నేను!"

"గ్యాసు గోళికి గింత పరేషానా? ఉండుర్రి, పాలు పొంగుతున్నట్టున్నయ్."

"అత్తమ్మ వంటింట్లకు పోయింది. సంపత్, ఇప్పుడన్న చెప్పు."

"మెల్లగ మాట్లాడు, శ్యామలా."

"గా గోళీలతోనే కండ్లు పచ్చగైతయ్, భయం లేదని డాక్టర్ చెప్పిండు గద. అత్తమ్మకు గూడ గంతే చెప్పు."

"గోళీలు ఎందుకంటది. హెచ్ఐవీకి అనాల్నా?"

"అనాలె. మొదటి మందులు పనిచెయ్యకుంటనే గివి ఇచ్చిండ్రు. ఇవి గూడ ఆపితే ఇంకేం మింగుతవ్?"

"ఇంట్ల ఉండనియ్యది."

"ఎందుకుండనియ్యది? పెద్దపల్లి బస్టాండ్ల నువ్వు చెప్పంగ నేను ఉరికిన్నా? చెరుకురసం తాగిన. నువ్వు ఏడ్సుకుంట కూసుంటే నీ గ్లాసు గూడ నేనే తాగిన."

"పాగల్‌దానివి."

"అవును, తెలిసి చేసుకున్న పాగల్‌దాన్ని. నా పరీక్షల ఏం లేదు, నీకు గూడ వైరస్ కనవడనంత తగ్గిందన్నరు. గోళీ వేసుకుంటే నాకు అంటుకోదు, నువ్వు ముసలోడివై నన్ను సతాయిస్తవ్. చెప్పు పో!"

"ఏంది గుసగుస, నేను వచ్చెటాల్లకు?"

"అవ్వా... డబ్బ ఇయ్యి. అవి గ్యాసుకు కావు."

"మరి?"

"హెచ్ఐవీకి."

"ఓ దేవుడా! గా రోగమా?"

"అత్తమ్మా, కూసోండ్రి. నీళ్లు తెస్త..."

"నన్ను ముట్టకు! ...ఇగో, డబ్బ. మింగు బిడ్డా. ఎట్లున్నా నా కొడుకువే. నిన్నేడికి పంపుత? గాని ఒక్కటి చెప్పు. ఇన్నేండ్లు నీకు జరం గూడ రాలే. గీమె గడప దాటి వచ్చింది, నీ కండ్లు పచ్చగైనయ్. గీ రోగం నీకు ముంగట్నుంచే ఉన్నదా, గీమె వచ్చినంక అంటిందా?"

"చెప్పు, సంపత్. ఏం గాదు, చెప్పు."

"నిన్నే అడుగుతున్నరా!"

"...వచ్చినంకనే, అవ్వా."