చీమల కూలి

ఓబులక్కని ఒకామె ఉండేదంట. గుట్టకింద మెట్టచేను ఆమెది, కొర్ర తప్ప ఇంకోటి పండని నేల. మొగుడు తిప్పన్న, ఒక ఆడపిల్ల. పిల్లంటే ఎంతనుకున్నారు, ఇంకా నడుముకి గుడ్డ నిలవని పిల్ల. ఆ యేడు ఏమైందంటే వాన రాలేదు. మర్సటేడూ రాలేదు. ఇండ్లల్లో ఎలుకలు కూడా ఊరిడిసి పోయినాయంట, మనిషికే లేకుంటే ఎలుకకేం మిగులుతాది. ఓబులక్క ఇంట్లో ఉండేదల్లా దూలానికి ఏలాడే సొరబుర్ర, దాన్నిండా విత్తనం కొర్రలు. ఏమన్నా కానీ దాన్ని ముట్టగాకమ్మా అని అత్త పోతాపోతా ఒట్టేయించుకున్నింది. ముట్టకుండా ఎన్నాళ్ళనుకో? పిల్ల ఆకలికి ఏడ్సడం కూడా మానేసిందంట. ఏడ్సే పిల్లనైతే ఓర్సుకోవచ్చు, ఏడవని పిల్లను చూసి ఏ తల్లి ఓర్సుకుంటాది చెప్పండి. బుర్ర దించింది, దంచింది, గంజి కాసి పోసింది. అదీ అయిపోయింది.

ఒకపొద్దు ఆమె ఎండిన చేలో పుల్లలేరుకుంటా చీమల బారు చూసినాదంట. నల్లచీమలు, ఒక్కోటి ఒక్కో గడ్డిగింజ కరుసుకోని గట్టుకింద బొక్కలోకి పోతాండాయి. మొగుణ్ణి పిలిచి తవ్వమనింది. తవ్వితే ఏముంది, లోపల అరలరలుగా కొర్రలు! మంచి యేళ్ళల్లో వీళ్ళు కళ్ళంలో రాల్చుకున్న కొర్రలే, ఇంత ఇసక లేకుండా నింపి పెట్టినాయి. తిప్పన్న గంప తెచ్చి మొత్తం ఎత్తుదామన్నాడు. సగం చాలంటాది ఆమె. మన పిల్ల కండ్లు తేలేస్తాంటే చీమలకు వాటా యేందే, నీకేమన్నా మతి పోయిందా అని ఆయన అరిసినాడంట. దానికామె, "మనం పారేసుకున్న గింజను అవి దాచినాయి. దాచినందుకు కూలన్నా ఇడిసిపెట్టు. వాటికీ పిల్లలుండవా?" అనింది. అని, మిగతా సగం మీద తానే మట్టి కప్పింది. తిప్పన్న గొణుక్కుంటా గంప నెత్తికెత్తుకున్నాడు.

ఆ సగంతో పిల్ల బతికింది. బతికినాక వాన కూడా వచ్చింది. ఏం లాభం, ఊర్లో ఎవరింట్లోనూ విత్తనం లేదు, అందరూ తినేసినారు. చీమలకిడిసిన సగమూ ఈపాటికి అవి తినేసుంటాయనుకున్నారు. నవ్వాల్నో ఏడవాల్నో తెలీదు. తిప్పన్న మూట కట్టినాడు, చేను ఇడిసేసి దూరంగా కాలవ పనులకు పోదామని. పోయేముందు ఒక్కసారి చేను చూసొస్తానని ఓబులక్క పోయింది. పోతే ఆ చీమలబొక్క చుట్టూ పచ్చగా ఉండాదంట. ఏమైందంటే, వాననీళ్ళు లోపలికి దిగి గింజలు మొలకొచ్చినాయి. మొలకొచ్చిన గింజ చీమకెందుకు? బయటికి మోసి పారేసినాయి. పారేసినవి బొక్కబయట చీమలు పోసుకున్న పొట్టుకుప్పలోనే వేరు పట్టి నిలబడినాయి. కొర్రమొలకలు! ఓబులక్క ఆడనే కూలబడి ఏడ్సిందంట, పిల్ల ఆకలికి సోలిపోయినప్పుడు కూడా అట్ల ఏడవలేదు. తర్వాత కొంగుతో మొగం తుడుసుకోని ఇంటికొచ్చి, "మూట దించు. మనకు నారొచ్చింది" అనింది.

ఒక్కోటే పెరికి, రాగినారు నాటినట్ల నాటినారు. పండింది. సొరబుర్ర నిండింది, ఇరుగుపొరుగు బుర్రల్లోకీ పోయింది. ఆ యేడు కళ్ళంలో మొదటి గుప్పెడు తీసి చీమలబొక్క కాడ పోసిందెవరనుకున్నారు? తిప్పన్నే. కూలి తీసుకోండమ్మా అని పోసినాడంట.

ఆనాటినుంచీ మా ఊర్లో అందరూ పోసేవాళ్ళే. మా అమ్మ పోస్తాంటే నేను కొంగు పట్టుకోని నిలబడేదాన్ని, కళ్ళమంతా కొర్రపొట్టు వాసన. ఆ వాసనకోసరం ఇప్పటికీ పానం కొట్టుకుంటాది నాయనా. ఇప్పుడేముంది, విత్తనం ప్యాకెట్టులో వస్తాది, ఎర్రమందు పూసి. కొర్రలేమో షుగరొచ్చినోళ్ళు తింటారని అంగట్లో పెట్టినారు. పోయినేడు నేనే ఇన్ని కొనుక్కోని పోయి గట్టుకింద గుప్పెడు పోసినా. చానాసేపు చూసినా, ఒక్క చీమా రాలేదు. వస్తాయిలే, యాడికి పోతాయని ఇంకాసేపు కూసున్నా.