చప్పుడు లేని చక్రం

హలో… ఆ, నేనే అక్కా. కొట్లోనే ఉన్నా. చేతులనిండా గ్రీజు… చెప్పు.

చిన్నది ఇంకా రాలేదా? ఎంతసేపైంది?… గంటా?

నువ్వెక్కడున్నావ్?… వెనక గదిలో, మిషను దగ్గరా. ఎప్పట్లాగే కుట్టడం ఆపేసి, చెవులు గేటుకేసి పెట్టుకుని కూర్చున్నావా…

గాబరా పడకు. ఒక్కసారి ముందు గదిలోకెళ్లి చూడు… నా మాట విను, లైన్లోనే ఉంటా.

…

ఉందా? హోంవర్క్ చేసుకుంటోందా?… హమ్మయ్య.

ఆగాగు, దాన్ని తిట్టకు! అది దొంగలా రాలేదు. గేటు తీసుకునే వచ్చింది, సైకిలు వరండాలోనే పెట్టింది. నీకే వినపడలేదు.

చప్పుడు రాలేదు కదా… అవును. ఇక రాదు. నేనే తీసేశా.

సైకిలుకి ఏమీ కాలేదక్కా, బంగారంలా ఉంది. వెనక చక్రానికి ఫ్రీవీల్ ఉంటుందే, తొక్కడం ఆపగానే టిక్ టిక్‌మంటుందే… అది విప్పేసి, అదే మరల మీద వేరే పళ్లచక్రం బిగించా. మరలకి గట్టిగా పట్టేసే మందు పూసి, ఊడకుండా పైన రింగు కూడా వేశా. ఇప్పుడు చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతూనే ఉంటాయి. కాళ్లు ఊరికే పెట్టుకుని జారుతూ రావడం కుదరదు, ఇంటిదాకా తొక్కాల్సిందే.

బ్రేకులు రెండూ ఉన్నాయి. నిన్నంతా మైదానంలో దాని వెనకే పరిగెత్తి నేర్పించా, నడుం పట్టేసింది… నవ్వొద్దులే… నవ్వట్లేదా.

ఎవరడిగారంటావేం? అదే అడిగింది.

… అరవకు. నా బుర్ర మోకాల్లో ఉందనే అనుకో. అనుకుని, చెప్పేది విను.

మొన్న కొట్టుకి వచ్చి, “మావయ్యా, ఈ సైకిలు నోరు మూయించగలవా?” అంది. గ్రీజు దట్టిస్తే కొన్నాళ్లు తగ్గుతుందే అన్నా. “తగ్గడం కాదు, అస్సలు ఉండకూడదు” అంది. కాళ్లకి విశ్రాంతి ఉండదే పిచ్చిదానా అంటే, “ఫర్వాలేదు, తొక్కుతా” అంది. ఎందుకే అంటే, బతిమాలితే గానీ చెప్పలేదు.

చెప్పమంటావా? నీకు కోపం వస్తుంది… సరే.

అది సందు మలుపులో తొక్కడం ఆపగానే నువ్వు మిషను వదిలేసి పరిగెత్తుకొస్తావట. గేటు తీసేటప్పుడు నీ మొహం వెలిగిపోతుందట. దీన్ని చూడగానే “నువ్వా” అంటావట.

రోజూ అక్కా. రోజూ “నువ్వా”నే.

… తెలుసు. నువ్వు కావాలని అనవని నాకు తెలుసు. దానికి పన్నెండేళ్లు, దానికెలా తెలుస్తుంది? “అక్క సైకిలు నేనెక్కానని అమ్మకి కోపమేమో” అంటోంది.

…

నా సంగతీ చెప్పనా? అదడగ్గానే రెంచీ ఎందుకు తీశానో తెలుసా? ఆ చప్పుడంటే నాకూ భయమే.

ఆ రోజు గుర్తుందా? పెద్దది కాలేజీలో పడిపోయి, ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే… అంతా అయిపోయాక, నీకు చెప్పే పని నాకప్పగించారు. దాని సైకిలు స్టాండులో ఒంటరిగా కనపడింది. వదిలి రాబుద్ధి కాలేదు. నడిపించుకుంటూ తెచ్చా. నడిపిస్తే కూడా అది టిక్ టిక్‌మంటుందన్న ఆలోచనే రాలేదు. పాతికేళ్లు సైకిళ్లు బాగుచేసినవాణ్ని… నాకు తట్టలేదక్కా!

నువ్వు గేటు బార్లా తీసి, “వచ్చావా తల్లీ” అన్నావు. ఎదురుగా నేనున్నా.

… నన్ను క్షమించక్కా. ఇన్నాళ్లూ ఆ మాట నోటికి రాలేదు.

…

ఏడవకు. రేపు పొద్దున్నే వస్తా, పాతదే మళ్లీ బిగించేస్తా… వద్దా?… దానికి ఎలా బాగుంటే అలాగేనా?… సరే. సరే అక్కా.

పాత ఫ్రీవీలా? పారెయ్యలేదు, ఇక్కడే బల్ల మీదుంది. కిరసనాయిలుతో కడిగి పెట్టా… పంపించనా?

ఏంటి?… ఇప్పుడా? ఫోన్లోనా?

వద్దక్కా… మళ్లీ నువ్వు…

ఒక్కసారే. సరే, ఆగు. చేతులు తుడుచుకోనీ.

ఇదుగో, ఫోను దగ్గర పెట్టా… తిప్పుతున్నా.

టిక్… టిక్ టిక్ టిక్ టిక్… టిక్… టిక్.

…

వినిపించిందా?

అక్కా?

… ఏడువు. ఇందాక వద్దన్నా గానీ, ఏడువు. నేనున్నా.

…

ఎవరది, చిన్నదా? గుమ్మంలో నించుందా?… నేనూ విన్నాలే. “నేనొచ్చి చాలాసేపైందమ్మా” అంటోంది.

నాకు చెప్పకు అక్కా. నాకు కాదు, దానికి చెప్పు. ఫోను అలా పక్కన పెట్టి…

…

…

ఆ. వినపడింది.

“వచ్చావా తల్లీ” అన్నావు.

ఉంటానక్కా.