పదహారు గాజు పోగులు

పరిశోధనశాల నుంచి వచ్చిన కోడలు చెప్పులు విప్పకముందే హాల్లో అత్తగారు గొంతు విప్పింది.

“నా గాజులూ పోగులూ ఎక్కడ దాచావే?”

“నేనెందుకు దాస్తాను అత్తయ్యా?”

“బుకాయించకు! పొద్దున ఫోన్లో మీ ప్రొఫెసర్‌కి చెప్పావుగా! ‘గాజులూ పోగులూ పదహారు, ఎనిమిది పక్కన పెట్టేశాను, ఎవరూ కనిపెట్టలేదు’ అని!”

“గాజులూ పోగులూ కాదు మహాప్రభో, గాజు పోగులు! వెంట్రుకంత సన్నటి గాజు దారాలు. మన కాలనీకి ఇంటర్నెట్ వాటిలోంచే వెలుగై వస్తుంది. రద్దీ లేకపోయినా పదహారింటికీ కరెంటు తగలేస్తున్నారని, ఎనిమిదింటి లేజర్ దీపాలు ఆర్పించాను. ఎవరికీ తేడా తెలియకపోతేనే నా పరిశోధన నెగ్గినట్టు. అసలు మీ నగల పెట్టె తీసి చూశారా?”

“తాళంచెవి కనబడితేగా!”

“మీ మెడలో గొలుసుకే వేలాడుతోంది.”

అత్తగారు తడుముకుని, పెట్టె తెరిచి చూసి నాలుక కరుచుకుంది.

“అయ్యో, పోగులు పోయాయని చుట్టాలందర్నీ పోగు చేశానే! అరగంటగా వీడియో కాల్లో ఇరవై ఇళ్లవాళ్లు ఉన్నారు.”

కోడలు గబుక్కున ఫోన్ అందుకుంది.

“ఎవరికైనా మాట తెగిందా? బొమ్మ ఆగిందా?”

“లేదొదినా,” అంది తెరలోంచి ఆడపడుచు. “అమ్మ నిన్ను నలభైసార్లు దొంగ అంది. ఒక్కటీ పొల్లుపోలేదు.”

“అయితే అందరూ వినండి! గాజులూ పోగులూ పెట్టెలో ఉన్నాయి. గాజు పోగులు సగం నిద్రలో ఉన్నాయి. మిగతా సగంలోంచే మా అత్తయ్య తిట్లు మీకు పూర్తిగా అందాయి. నా పరిశోధన నెగ్గింది!”