దాసి వేషం

కర్నూలులో ఒక కాలేజీ వాళ్ళు పాత నాటకం వేయబోతున్నారు. లెక్చరర్ తనకు దాసి వేషం ఇచ్చినప్పటినుంచి రెజీనాను ఏదో అనుమానం తొలుస్తూనే ఉంది. రిహార్సల్ అయ్యి అందరూ వెళ్ళేదాకా ఆగి ఆయన్ను అడిగింది.

“సార్, ఈ నాటకంలో జమీందారు ఇంట్లో హారం పోయినప్పుడు అందరూ దాసినే ఎందుకు పట్టుకుంటారు?”

“ఇంట్లో తిరిగేది అదే కదమ్మా.”

“అల్లుడు గూడా తిరుగుతాంటాడు కద సార్. హారం ఉన్న గదిలోనుంచి బయటికొచ్చింది ఆయనే. ఆయన్ను ఒక్కరూ అడగరు.”

“ఆయన జమీందారు అల్లుడు. ఆ కాలం అట్లాంటిది.”

“మరి ఈ కాలంలో నాకెందుకిచ్చినారు సార్ ఆ వేషం?”

“నీ గొంతుకు శానా బాగా సరిపోతాది.”

“నా గొంతు మీరు యాడ విన్నారు? జమీందారు కూతురి వేషానికి శివానితో రెండు పేజీలు చదివించినారు. నన్ను మాత్రం మీ నాయన ఏం చేస్తాడని అడిగినారు. కూలికి పోతాడంటే, సరే పో అన్నారు.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “లేనిపోనివి ఊహించుకోవద్దు. వేషాల్లో చిన్నా పెద్దా ఉండవు.”

రెజీనా నమ్మలేదు. “అయితే దాసి వేషం శివానికి ఇస్తారా సార్?”

“వాళ్ళ నాయన ఒప్పుకోడమ్మా.”

అనేశాక ఆయనే తడబడ్డాడు.

“మా నాయన ఒప్పుకుంటాడో లేదో అని మీకు అనుమానం గూడా రాలే కద సార్.”

ఆయన నాటకం పుస్తకం తెరిచి, జమీందారు కూతురి మాటలున్న పేజీని ఆమె ముందుకు జరిపాడు.

“చదువు. ఇప్పుడు వింటా.”