ఒక్క పూట పాలు

ఆసుపత్రి నాలుగో అంతస్తు. పంది గుండె అమర్చిన రోగి గది బయట, గోడవార కుర్చీల దగ్గర, ఆ రోగి భార్యా ఆమె తమ్ముడూ.

"కూర్చోరా ముందు."

"కూర్చుంటాలే అక్కా. బావని ఓసారి చూసొచ్చి కూర్చుంటా."

"ఇప్పుడు కాదు. లోపల నర్సులున్నారు. కూర్చో అన్నానా."

"ఐదుసార్లు ఫోన్ చేశావు, ఇప్పుడే చూశాను. మా ల్యాబులో పందుల గదిలోకి ఫోను తీసుకెళ్ళనివ్వరు, తెలుసుగా నీకు. స్నానం చేసి, వాళ్ళిచ్చిన బట్టలేసుకుని లోపలికెళ్ళాలి. బయటికొచ్చేప్పుడు మళ్ళీ స్నానం."

"పుట్టి బుద్ధెరిగాక ఇన్ని స్నానాలు ఎప్పుడన్నా చేశావురా అని మీ బావ వెక్కిరించేవారు."

"వెక్కిరించేవారేంటి, మొన్న కూడా అన్నాడు."

"ఆఁ... మొన్న కూడా అన్నారు."

"ఎందుకు చేశావు ఫోను అన్నిసార్లు?"

"ఊరికే. తిన్నావా?"

"నీ కళ్ళేంటక్కా అలా ఉన్నాయి?"

"నిద్ర లేదు. నలభై మూడు రోజులైంది నేను నిద్రపోయి, ఇవాళ అడుగుతున్నావా? తిన్నావా లేదా?"

"తినబుద్ధి కాలేదు. డాక్టరు ఏమన్నారు నిన్న?"

"ఏముంది, గుండెలో ఏదో వైరస్ ఉందిట. ఆ పందితోపాటే వచ్చిందిట. ఒరేయ్, నీకో మాట చెప్తాను విను. నీ తప్పేం లేదు."

"నేనేమన్నానని?"

"నువ్వనలేదు, నేనంటున్నా. ఈ ఆపరేషన్ సంగతి చెప్పింది నువ్వే, ఆయన పేరు రాయించింది నువ్వే, ఆ పందిని పుట్టిన రోజు నించీ పెంచిందీ నువ్వే. నిజమే. కానీ మనిషి గుండె కోసం వరుసలో కూర్చునుంటే ఆయన ఎప్పుడో దక్కకుండా పోయేవారు. నలభై మూడు రోజులు నాకు ఎక్కువిచ్చావు. ఏం జరిగినా అది గుర్తుపెట్టుకో."

"అలా మాట్లాడకక్కా."

"మొదటివారం ఈ వరండాలోనే నడిచారు గుర్తుందా? ఆ చివర్నించి ఈ చివరికి. బస్సు డ్రైవరు బుద్ధి ఎక్కడికి పోతుంది, 'ఇంజను మార్చారు, హారను మాత్రం పాతదే' అని పెద్దగా దగ్గి చూపించారు. నర్సు నవ్వాపుకోలేక చచ్చింది."

"అక్కా, ఆపు."

"అంతా నీ చేతి చలవేరా."

"చలవ కాదు! పాపం. నా చేతి పాపం."

"ఛ, నోర్ముయ్. పిచ్చి మాటలూ నువ్వూనూ."

"నేను చెప్పేది విను. మధ్యలో అడ్డు రాకు. అడ్డొస్తే మళ్ళీ చెప్పలేను."

"సరే, చెప్పు."

"మా దగ్గర పంది పిల్లల్ని తల్లిని కననివ్వరు. పొట్ట కోసి తీస్తారు. తీసిన క్షణం నించీ వేరే గదిలో సీసాతో పాలు పడతాం. తల్లి పాలు ఒక్క చుక్క తాగకూడదు, తల్లి ఒళ్ళు తగలకూడదు. తల్లిలో ఉండే జబ్బులు పందికేం చెయ్యవు, మనిషికి చేస్తాయి."

"తెలుసు. ఎన్నిసార్లో చెప్పావు."

"బావకి గుండె ఇచ్చింది... రెండువందల పద్నాలుగో నంబరుది. అది సీసా పట్టలేదక్కా. రెండు రోజులు. నోట్లో పెడితే ఉమ్మేసేది. గొట్టంతో పోస్తే కక్కేసేది. ఒళ్ళు చల్లబడిపోయింది. ఆ కాన్పులో బతికినవి రెండే. ఇదీ, దీని చెల్లీ. అప్పటికే బావ రెండు మెట్లెక్కితే కూలబడుతున్నాడు. ఇది కూడా పోతే మళ్ళీ ఎప్పటికి..."

"అయితే?"

"తల్లి పక్క గదిలోనే ఉంది. పిల్లలు లేక ఒకటే అరుపు."

"అయితే ఏం చేశావురా?"

"ఒక్కసారే. ఒక్క పూట. పావుగంట కూడా ఉండదు. జన్యువులు మార్చి పుట్టించిన పిల్లే గానీ, ఆకలి మామూలు ఆకలే కదా. నోరు పెట్టీ పెట్టగానే ఎలా తాగిందనుకున్నావు! మళ్ళీ తెచ్చి, తుడిచి పడుకోబెట్టాను. సాయంత్రానికి సీసా కూడా పట్టింది."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఏమని చెప్పను? చెబితే ఆ రోజే దాన్ని చంపేసేవాళ్ళు."

"పరీక్షలు చేశారుగా! అన్ని పరీక్షలు చేశారుగా!"

"చేశారు. రక్తంలో ఏమీ కనపడలేదు. ఏం కాలేదులే, ఏం కాలేదులే అని నాకు నేనే చెప్పుకున్నా. కొట్టక్కా నన్ను. ఒక్కటి కొట్టు."

"ముట్టుకోకు నన్ను."

"అక్కా..."

"ముట్టుకోకు అన్నానా. ఆ మనిషి ఊపిరందక రాత్రుళ్ళు మంచం పట్టీ పట్టుకుని కూర్చుంటే, తగ్గిపోతుందండీ, తగ్గిపోతుందండీ అని వీపు రాశాను నేను. నువ్వు పక్కనే ఉన్నావు. నోరు విప్పలేదు."

"బావ కోసమే చేశానక్కా. ఒట్టు."

"తెలుసురా. అదే కదా నా ఖర్మ. పరాయివాడు చేసుంటే నోరారా శాపనార్థాలు పెట్టుకునేదాన్ని."

"పెట్టు. నన్నూ పెట్టు."

"దాని చెల్లి అన్నావు."

"ఊఁ."

"అది ఎవరికి?"

"ఎవరికైతే ఏంటక్కా ఇప్పుడు..."

"మూడో అంతస్తు టీచరమ్మకేనా? మీ బావని చూసి ధైర్యం తెచ్చుకుందామని చక్రాల కుర్చీలో వచ్చింది, ఆవిడకేనా? ఆపరేషనెప్పుడు?"

"వచ్చే సోమవారం. కానీ అది తల్లి దగ్గరికి పోలేదు. సీసా పాలే తాగింది."

"రెండూ ఒక్క చోట పెరిగాయా, లేదా?"

"ఒకే గదిలో. ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయేవి."

"లే. డాక్టరు దగ్గరికి పద."

"చెబితే అంతా మూసేస్తారేమో అక్కా. ఇంకా ఎంతమంది ఎదురుచూస్తున్నారో నీకు తెలీదు."

"ఆవిడకి ఇద్దరు పిల్లలు. లేవమన్నానా."

"చెప్తాను. చెప్పకుండా ఉంటానా? కానీ ముందు బావకి చెప్పాలి. కాళ్ళు పట్టుకుని చెప్పాలి. ఆయన నన్ను కసితీరా తిట్టాలి. ఆ తర్వాత డాక్టరు దగ్గరికి నేనే వెళ్తా. బావ లేచేదాకా ఆగు, అంతే అడుగుతున్నా."

"ఆగటానికేం లేదురా. మీ బావ పొద్దున ఆరింటికే పోయారు. నువ్వు తట్టుకోలేవని, నిన్నెలా ఓదార్చాలా అని ఇందాకట్నించీ మాటలు వెతుక్కుంటున్నా."