విందు మేక

(2004 డిసెంబరు. అనంతగిరి దగ్గర ఒక కొండ ఊరు. ఫల్గుణ కళ్లంలో కాఫీ పళ్లు తిరగేస్తున్నాడు. ఏడాది పైగా అతనింట్లో కాపురముంటున్న నర్సు సోని, టెలిఫోన్ బూత్ నుంచి అప్పుడే తిరిగొచ్చింది.)

"వచ్చేసింది బావా. కెనడాది. ఏజెంటు వైజాగ్ నుంచి ఫోన్లో చెప్పాడు."

"ఏటి, ఉజ్జోగమా?"

"అంతకన్నా పెద్దది, వీసా. అక్కడ ఎప్పటికీ ఉండిపోవచ్చంట. నర్సులు కావాలంట వాళ్లకి. నవ్వవేటి?"

"నవ్వుతున్నాను కదా. మరి నీ కళ్లేటి, అలా ఉబ్బిపోయాయి?"

"దారంతా దుమ్ము. ఇదిగో, పకోడీ. జీపులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను, వేడి పోలేదు చూడు."

"సోనీ, మరి నేనెప్పుడు రావాలంట?"

"ఇంకోటి తిను."

"అడిగావా, లేదా?"

"అడిగాను. పోయిన నెల వాడే అడిగాడు, కాగితాలు పంపాక పెళ్లిగానీ అయిందా అని. కాలేదన్నాను."

"కాలేదన్నావా? నా ఇంట్లో ఉండి?"

"అబద్ధమాడలేదు బావా. ఊరికి విందు పెడితేనే కదా మనలో పెళ్లి. మేకని కొయ్యలేదు, విందవ్వలేదు. అత్త కూడా నన్నింకా కోడలనదు, నర్సు గుంట అంటది. అదే లెక్కనుకున్నాను."

"అంతేనా? ఆదివారం విందు పెట్టేద్దుం. మేకని కొని కట్టేసే ఉంచాను కదా. అదయ్యాక నా పేరు రాయించీ."

"నేనూ అదే చెప్పాను. వాడు నవ్వాడు. వాళ్ల లెక్కలో మొగుడూ పెళ్లాల్లా ఏడాది కలిసుంటే చాలంట, మేకతో పని లేదంట. ఇప్పుడు నీ పేరు చెబితే, దాచిపెట్టానని నాదీ కొట్టేస్తారంట."

"సెప్పకపోతే?"

"నేను వెళ్లొచ్చు. నిన్ను మాత్రం ఎప్పటికీ పిలిపించుకోలేనంట."

"ఎప్పటికీనా?"

"ఎప్పటికీ."

"ఇంగ్లీసు పరీక్ష పాసైన రోజు ఊరంతా తిరిగి బెల్లం పంచావు. అప్పుడే సూసాను నిన్ను, మొదట."

"అవన్నీ ఎందుకిప్పుడు? నేను వెళ్లను."

"నిన్న నిద్దట్లో కూడా మంచు, మంచు అన్నావు."

"నీకు స్వెట్టరు కొనాలన్నాను."

"సోనీ, విందవ్వకముందు ఆడకూతురు ఎళ్లిపోతే మనలో తప్పట్టరు."

"ఎవరడిగారు నిన్ను?"

"ఎవరూ అడగలేదు."

"పకోడీ చల్లారిపోతన్నాయి."

"తింటన్నాను."

"మేక అరుస్తోంది. మేతెయ్యలేదా?"

"ఏసాను. నువ్వు అబద్ధమాడలేదు సోనీ. రేపు బేగి లేచి, దాన్ని సంతకి తోలుకుపోయి అమ్మేస్తాను."